మూత్రంలో మూత్రపిండాల గుట్టు

పొద్దున్నే పిల్లవాడి కళ్ల చుట్టూ ఉబ్బు కనిపిస్తే నిద్ర ఎక్కువైందనో, దిష్టి తగిలిందనో ఊరుకోరాదు. మూత్రం నురగ కడుతుంటే మూత్రపిండాలను అనుమానించాలి.

రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగేసరికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. మూత్రం ముందే ఆచూకీ ఇస్తుంది. మూత్రపిండాల్లోని సన్నని గొట్టాలు ఇ.జి.ఎఫ్. అనే పెరుగుదల ప్రొటీనును తయారుచేసి మూత్రంలోకి వదులుతాయి. గొట్టాలు చెడేకొద్దీ అది తగ్గుతుంది. దీర్ఘకాల మూత్రపిండ వ్యాధిగల పిల్లల్లో ఇది తక్కువగా ఉంటే జబ్బు త్వరగా ముదురుతుందని యూరప్‌లో జరిపిన పరిశీలన 2019లో వెల్లడించింది.

ఈ పరీక్ష మామూలు ఆసుపత్రులకు ఇంకా రాలేదు. అయితే మూత్రంలో ప్రొటీను పోతున్నదీ లేనిదీ చిన్న పట్టీ ముంచితే నిమిషాల్లో తెలుస్తుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే నెఫ్రోటిక్ జబ్బు చాలామందికి మాత్రలతోనే అదుపులోకి వస్తుంది. ఉబ్బు తగ్గిందని డాక్టరును అడగకుండా మాత్రలు మానరాదు.