ఉచితమా? స్వేచ్ఛా?



పలాస రైల్వే స్టేషను మీలో చాలామంది చూచే ఉంటారు. హౌరా నుంచి చెన్నై పోయే పెద్దదారి మీద ఉన్నది గనుక అక్కడ రాత్రింబవళ్లు బండ్లు వస్తూ పోతూ ఉంటాయి. ఏ బండి ముందు పోవాలో, ఏది ఆగి దారి ఇవ్వాలో చూచుకోవటానికి స్టేషను మాస్టరు ఉంటాడు. ఆయన లేకపోతే ఇంజనులూ పట్టాలూ ఎన్ని ఉండి ఏం లాభం?

కంప్యూటరుకూ ఇటువంటి మాస్టరు ఉన్నాడు. అతని పేరు ఆపరేటింగ్ సిస్టం. టెక్కలిలో ఒక అమ్మాయి తన పరీక్షాఫలితం ఫోనులో చూచుకొంటుంది. అదే సమయంలో వేలమంది పిల్లలు అదే పని చేస్తూ ఉంటారు. వారందరికీ జవాబు పంపే కంప్యూటరును సర్వర్ అంటారు. అక్కడ తొక్కిసలాట లేకుండా చూచేది ఈ మాస్టరే.

ఈ మాస్టర్లలో రెండు రకాలున్నాయి. జీడిపప్పు పాకం సంగతి ఆలోచించండి. అంగడిలో డబ్బిచ్చి కొనవచ్చు గాని, చేసే విధం దుకాణదారు చెప్పడు. మీ అమ్మమ్మ అన్నీ చెబుతుంది. మీరు ఇంకా బాగా చేసి పదిమందికీ నేర్పితే సంతోషిస్తుంది. మైక్రోసాఫ్టు కంపెనీ అమ్మే విండోస్ సర్వర్ అంగడి పాకం వంటిది. లినక్స్ అమ్మమ్మ పాకం వంటిది.

ప్రోగ్రాములను అందరూ చదివి, మార్చి, పంచుకోగలగాలని 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పని తలపెట్టాడు. 1991లో ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, 21 ఏళ్లవాడు, లినక్స్ వ్రాశాడు. 1992లో దానికి గ్నూ వారి షరతే పెట్టాడు: మార్చి ఇతరులకు ఇచ్చేవారు, ఆ మార్చిన విధం కూడా దాచకుండా ఇవ్వాలి.

ఫలితం ఏమైంది? వేల కంప్యూటర్లు పెట్టేవారికి ఒక్కొక్క దానికీ రుసుము కట్టే బాధ తప్పింది. తప్పు కనబడితే తెలిసినవారు ఎవరైనా దిద్దవచ్చు. 2017 నవంబరు నుంచి లోకంలో అతివేగమైన 500 కంప్యూటర్ల జాబితాలో అన్నీ లినక్సువే. ఆండ్రాయిడ్ ఫోనుల లోపల ఉన్నదీ అదే!

2001లో మైక్రోసాఫ్టు అధిపతి లినక్సును పుట్టకురుపుతో పోల్చాడు. 2014లో ఆ పదవికి వచ్చినవాడు మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. మైక్రోసాఫ్టుకు లినక్స్ అంటే ఇష్టమని ఆయన ఆ ఏడే ప్రకటించాడు.

మరి కొనే రకం పోయిందా? పోలేదు. బల్లలమీది కంప్యూటర్లలో ఎక్కువ వాటిలో నేటికీ విండోసే ఉన్నది. చెడిపోతే పిలవటానికి ఒక కంపెనీ ఉండటం చాలామందికి ధైర్యం. లినక్సుకూ అటువంటి సేవ అమ్మేవారున్నారు. వారిలో రెడ్ హ్యాట్ కంపెనీని 2019లో ఐబీఎం సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది!

ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట కావటంచేత అక్కడివారు తికమకపడతారు. మనకు రెండు మాటలున్నాయి. లినక్సులో గొప్ప ఉచితం కాదు, స్వేచ్ఛ. హైదరాబాదులో ఒక సంఘం ఆ పేరే పెట్టుకొని, తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. డబ్బు కట్టకుండా దొంగ నకలు వేయించి పిల్లవాని చేతికి కంప్యూటరు ఇవ్వకండి; దానితోపాటు దొంగతనమూ నేర్పినట్లవుతుంది. పాత కంప్యూటరులో లినక్స్ పెట్టించండి. ఉద్దానం కొబ్బరితోటల మధ్య పల్లెలో ఉన్న పిల్లవాడైనా దాని లోపల ఏముందో చదవవచ్చు. చదివి, ఏనాడో ఒక తప్పు దిద్ది, లోకానికి తిరిగి ఇవ్వవచ్చు.