మెలితే ద్వీపంలో ఒక చిన్న ఊరి జట్టు

అపొస్తలుల కార్యముల గ్రంథం 28వ అధ్యాయం చదివినవారికి మెలితే ద్వీపం కొత్త కాదు. ఓడ బద్దలై పౌలుతో కూడ 276 మంది ఒడ్డు చేరినది అక్కడే. వానలో తడిసి చలికి వణుకుతున్న వారికి ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టిన సంగతి మనమందరం సండేస్కూలులోనే విన్నాము. ఆ మెలితే నేడు మాల్టా అనే స్వతంత్ర దేశం. అక్కడి ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు చరిత్రను ఈ నెల మన కుటుంబాల ముందు, ముఖ్యంగా యౌవనస్థుల ముందు ఉంచుతున్నాము.

గుహ ఉన్న ఊరు

మాల్టా ఇటలీకి దక్షిణాన మధ్యధరా సముద్రంలో ఉంది. దీవులన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. అనగా మన వైపు ఒకటి రెండు మండలాలంత. 2021 జనాభా లెక్కల ప్రకారం సుమారు 5 లక్షల 20 వేల మంది ఉన్నారు.

మ్దీనా అనే పాత రాజధాని కోటగోడల వెలుపల రబాత్ అనే ఊరు ఉంది. ఆ మాటకు శివారు అని అర్థం. జనాభా సుమారు 11 వేలు. ఊరి నడుమ పౌలు పేరిట పెద్ద దేవాలయం, దాని కింద ఒక గుహ ఉన్నాయి. పౌలు ఆ ద్వీపంలో గడిపిన మూడు నెలలు ఈ గుహలోనే ఉన్నాడని ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటారు. గ్రంథంలో గుహ మాట లేదు గాని, 1990లోను, 2010లోను, 2022లోను ముగ్గురు పోపులు వచ్చి దానిని దర్శించారు.

ఆట వచ్చిన దారి

మాల్టా 1964 వరకు బ్రిటిషు వారి ఏలుబడిలో ఉండేది. వారి సిపాయిలు, నావికులే ఫుట్‌బాల్‌ను తెచ్చారు. 1900లో మాల్టా ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది. ఓడరేవు దగ్గరి ఫ్లొరియానా, స్లీమా ఊళ్ళ జట్లు దశాబ్దాల తరబడి కప్పుల్లో ఎక్కువ భాగం పంచుకున్నాయి. 1922 నుండి 1981 వరకు పెద్ద ఆటలన్నీ గ్జీరా అనే చోట ఎంపైర్ స్టేడియంలో జరిగేవి. అక్కడ గడ్డి లేదు, గట్టి నేలే. పడితే మోకాళ్ళు చెక్కుకుపోయేవి.

సముద్రానికి దూరంగా ఉన్న రబాత్ వారు 1930లో తమ క్లబ్బును ఆరంభించారు. తరువాతి కాలంలో దానికి రబాత్ అజాక్స్ అనే పేరు స్థిరపడింది. ఆ రోజుల్లో మాల్టా ఆటగాళ్ళలో ఎక్కువమంది పగలు ఉద్యోగం చేసుకొని సాయంత్రం సాధనకు వచ్చేవారు. రబాత్ వారు మొదటిసారి దేశ ఛాంపియన్లయినది 1985లో. అంటే 55 ఏళ్ళు పట్టింది! మరుసటి ఏడు, 1986లో, లీగుతో పాటు ఎఫ్.ఎ. ట్రోఫీ కూడ గెలుచుకున్నారు. ఊరి చరిత్రలో అంతకంటె గొప్ప సంవత్సరం లేదు.

ముప్పది ఆరు గోల్స్

అయితే దేశంలో గెలిచిన జట్టు ఐరోపా పోటీలకు వెళ్ళాలి. అక్కడ ఒక జట్టుతో రెండు ఆటలు, తమ ఊళ్ళో ఒకటి, వారి ఊళ్ళో ఒకటి ఆడి, రెండింటి గోల్స్ కలిపి లెక్కిస్తారు. రబాత్ జట్టు 1983లోనే ఒకసారి వెళ్ళి, నాటి చెకొస్లొవేకియాకు చెందిన ఇంటర్ బ్రటిస్లావా చేతిలో 16-0 తేడాతో ఓడింది. 1985లో కుప్ర ద్వీపపు, అనగా సైప్రస్ దేశపు, ఒమోనియా జట్టు రెండు ఆటల్లోను ఐదేసి గోల్స్ వేసింది.

1986 సెప్టెంబరులో పోర్చుగల్ వెళ్ళి పోర్తో జట్టుతో ఆడారు. 9-0! ఇక రెండవ ఆట ఆడినా ఆడకపోయినా ఫలితం ఒకటే. పై మెట్టుకు పోయే ఆశ ఏమాత్రం లేదు. అయినా రెండు వారాల తరువాత అదే జట్టు మాల్టాకు వచ్చినప్పుడు రబాత్ వారు బరిలో దిగారు. ఆ ఆటలో పోర్తో వేయగలిగినది ఒకే ఒక్క గోలు.

ఆ పోర్తో మామూలు జట్టు కాదు. 1987 మే 27న వియన్నా నగరంలో జర్మనీకి చెందిన బయర్న్ మ్యూనిక్‌ను 2-1 తేడాతో ఓడించి ఐరోపా కప్పు ఎత్తినది అదే. అటువంటి జట్టును, తొమ్మిది గోల్స్ తిన్న పదునాలుగు రోజులకే, ఈ చిన్న ఊరివారు ఒక్క గోలుతో ఆపగలిగారు.

మొత్తం ఆరు ఆటలు, తిన్న గోల్స్ 36, వేసిన గోల్స్ సున్న. రికార్డు పుస్తకంలో ఉన్నది అంతే. ఆ చివరి ఆట కోసం వారు ఏ మనసుతో సాధనకు వచ్చారో అందులో ఉండదు.

ఆ తరువాత

రబాత్ అజాక్స్ మరల దేశ ఛాంపియన్ కాలేదు. కింది శ్రేణులకు దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. కాని క్లబ్బు మూతపడలేదు. మాల్టాలో ఫుట్‌బాల్ క్లబ్బంటే పదకొండు మంది ఆటగాళ్ళు మాత్రమే కాదు. ఊరివారు సాయంత్రం కూర్చొని కాఫీ తాగే చోటు కూడ అదే. చాలా క్లబ్బులు పిల్లలకు ఆట నేర్పే విభాగాన్ని నడుపుతాయి. దానికి వారు నర్సరీ అని పేరు పెట్టుకున్నారు.

మన పల్లెల్లో సంక్రాంతి పోటీలకో, క్రిస్మస్ పోటీలకో పక్క ఊరు వెళ్ళి చిత్తుగా ఓడిన వాలీబాల్ జట్టు, కబడ్డీ జట్టు మరుసటి ఏడు కనబడకపోవడం మనకు తెలిసినదే. తప్పు నీదంటే నీదనుకొని విడిపోతారు, వల మూలన పడుతుంది. ఇంట్లో పెద్దలు కూడ "ఆ ఆటలు మనకెందుకురా" అంటారు. తల్లిదండ్రులారా, ఈసారి ఓడి వచ్చిన కుర్రవాడికి అన్నం పెట్టి, రబాత్ వారి రెండవ ఆట సంగతి చెప్పండి. మరునాటి సాయంత్రం వాణ్ణి మైదానానికి పంపండి.