దీవికి పోయే ముందు తిరుగు పడవ సంగతి చూస్కో మచ్చా!

"ఈసారి హార్స్‌లీ హిల్స్ వద్దు, దీవికి పోదాం!" వాట్సాప్ గ్రూప్‌లో ఒకడు ఈ మెసేజ్ పెడితే చాలు. నిమిషంలో పది థంబ్స్ అప్‌లు పడిపోతాయి. టెంట్ ఎవరు తేవాలి, స్పీకర్ ఎవరు తేవాలి అని లెక్కలు మొదలవుతాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుర్రాళ్ళకి నీళ్ళంటే ఆ మాత్రం పిచ్చి ఉంటుంది మరి. మన టమోటాలైనా లారీ ఎక్కి చెన్నై దాకా పోతాయి గానీ, మనకి సముద్రం కనపడేదే ఎప్పుడో ఒకసారి!

అయితే ఒక్క మాట. ఈ ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు ముందు ఆలోచించాల్సింది ఎలా పోవాలని కాదు, ఎప్పుడు, ఎలా తిరిగి రావాలని.

మనకు దగ్గర దీవులు ఎక్కడ?

పులికాట్ సరస్సులో. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలో, కొంత తమిళనాడులో ఉంది. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా ఉన్నదే శ్రీహరికోట. అది రాకెట్లు ఎగిరే చోటు కాబట్టి అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు. మనం చూడగలిగేది ఇరకం దీవి. తడ మండలం భీమునివారిపాలెం నుంచి పడవలో వెళ్ళాలి. అక్కడ ఊరుంది, చేపలు పట్టుకుని బతికే జనం ఉన్నారు. అది పిక్నిక్ స్పాట్ కాదు, వాళ్ళ ఇల్లు. ఈ మాట గుర్తుంటే సగం మర్యాద వచ్చేసినట్టే.

ఎలా పోవాలి?

మదనపల్లె, పుంగనూరు వాళ్ళు బస్సులో తిరుపతి చేరి, అక్కడి నుంచి సూళ్ళూరుపేట లేదా తడ వైపు పోవచ్చు. కుప్పం వాళ్ళకి రైలే సుఖం. చెన్నై సెంట్రల్ చేరి, సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగిపోవచ్చు. ముందు రోజు సాయంత్రానికే అందరూ సూళ్ళూరుపేటలో కలుసుకుంటే, తెల్లవారేసరికి రేవు దగ్గర ఉండొచ్చు.

ఎప్పుడు పోవాలి?

అక్టోబర్ నుంచి మార్చి దాకా ఫ్లెమింగోలు, అదే మన రాజహంసలు, ఇక్కడ దిగుతాయి. కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ తీరానికి వాయుగుండాలు, తుపాన్ల సీజన్. అందుకే జనవరి, ఫిబ్రవరి మేలు. దగ్గర్లోని నేలపట్టులో గూడబాతుల్ని కూడా చూసి రావచ్చు. బయల్దేరే ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. రాకెట్ ప్రయోగం ఉందేమో కూడా చూస్కోండి. ఆ రోజుల్లో చుట్టుపక్కల భద్రత గట్టిగా ఉంటుంది.

ఇది మన ఊరి చెరువు కాదు

"చెరువులో ఈత కొట్టినోళ్ళం, మాకేం భయం?" అనుకుంటాం. పులికాట్‌లో చాలాచోట్ల లోతు మీటరు అటూ ఇటూనే. మోసం అక్కడే ఉంది. అడుగున బురద. పడవ ఇరుక్కుందని కిందికి దూకితే కాళ్ళు కూరుకుపోతాయి, ఈత పనికిరాదు, నడక పనికిరాదు. సముద్రంలోకి తెరుచుకునే చోట్ల ఆటుపోట్లకి నీళ్ళ వేగం మారిపోతుంది. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళు సాయంత్రానికి అలలేస్తాయి.

కాబట్టి లెక్క వెనక నుంచి వేయండి. మధ్యాహ్నానికల్లా ఒడ్డుకి చేరాలనుకుంటే దీవి నుంచి ఎన్నింటికి కదలాలి? దానికి పొద్దున ఎన్నింటికి పడవ ఎక్కాలి? పడవాయన "ఇప్పుడొద్దు బాబూ" అన్నాడంటే బేరమాడొద్దు. ఆ నీళ్ళు ఆయనకి తెలిసినట్టు గూగుల్ మ్యాప్‌కి తెలీవు.

మరి టెంట్?

పులికాట్ పక్షుల సంరక్షణ కేంద్రం. ఇష్టమొచ్చిన చోట టెంట్ వేసి మంట పెట్టడం కుదరదు. అటవీ శాఖ అధికారుల్ని ముందే అడగండి. ఊరి పక్కన ఉండాలనుకుంటే ఊరి పెద్దల మాట కూడా తీస్కోండి. అనుమతి దొరకలేదా? సూళ్ళూరుపేటలో రూమ్ తీస్కుని, పగలు పడవ, రాత్రి బస. ట్రిప్ ఏం తగ్గిపోదు. స్పీకరూ డ్రోనూ ఇంట్లోనే పెట్టండి. అలికిడికి పక్షులు మేత వదిలి లేచిపోతాయి.

పడవ ఎక్కేముందు

- లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, బకిల్స్ పెట్టుకుని. సీటు కింద ఉంటే లేనట్టే.
- ఎంతమందిని ఎక్కించుకుంటారో అడగండి. ఒక్కరు ఎక్కువైనా రెండో పడవ చూడండి.
- సెల్ఫీ కోసం అందరూ ఒకే పక్కకి జరగొద్దు.
- చుట్టూ ఉప్పునీళ్ళే. మనిషికి నాలుగైదు లీటర్ల మంచినీళ్ళు, టోపీ, టార్చ్, పవర్ బ్యాంక్ ఉండాలి. ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ కవర్ వేయండి.
- ఎప్పుడు తిరిగొస్తారో ఒడ్డున ఒకరికీ ఇంట్లో ఒకరికీ చెప్పండి. ఆపదలో 112కి కాల్ చేయండి.

ఇవి చాదస్తం అనిపిస్తున్నాయా? 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగింది. దాన్ని బయటికి తీయడానికే నెల దాటింది. ఆ రెండు పడవల్లో ఎక్కినవాళ్ళూ మనలాగే సరదాగా బయల్దేరినవాళ్ళే.

ఇంకెందుకు ఆలస్యం, గ్రూప్‌లో డేట్ ఫిక్స్ చేయండి. కాకపోతే టెంట్ ఎవరిది అని అడిగే ముందు, జాకెట్లు ఎన్ని, తిరుగు పడవ ఎన్నింటికి అని అడగండి. జాలర్లు పట్టిన రొయ్యలతో వేడివేడి కూర, దూరంగా గులాబీ గీతలా రాజహంసలు. అవన్నీ చూసి ఇంటికొచ్చి చెప్పుకుంటేనే కదా మజా!