పాత అంబాసిడర్‌కు ఆయిల్ ప్రెజర్ గేజ్ ఎందుకంటే..

మే నెల ఎండలో మునిర్కా సందుల్లోంచి ఔటర్ రింగ్ రోడ్డెక్కి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న పాత అంబాసిడర్‌కు అసలు పరీక్ష పరుగు కాదు, నిలబడటం. ఐడిలింగ్‌లో ఆయిల్ పంపు నెమ్మదిస్తుంది, వేడికి ఆయిల్ పలచబడుతుంది. ప్రెజర్ పడిపోయేది అక్కడే. డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం ఒక్కటే ఉంటే ఆ సంగతి తెలియదు. సాధారణంగా ప్రెజర్ ఐదారు పీఎస్‌ఐకి దిగితేగానీ అది వెలగదు. అప్పటికే బేరింగులు దెబ్బతిని ఉండొచ్చు.

2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకునే వీలు కల్పించింది. ఛాసీ, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. పెట్రోలు కారు 15 ఏళ్లు దాటితేనే చిక్కులు మొదలయ్యే ఢిల్లీలో ఇది చిన్న వెసులుబాటేమీ కాదు. అక్కడి పాత కార్ల యజమానులకు 'సీజ్' అంటే రెండు భయాలు: ఒకటి అధికారులు బండిని చేసేది, రెండోది ఆయిల్ అందక ఇంజిన్ అయ్యేది. 1970ల నాటి మార్క్-2లోని 1489 సీసీ ఇంజిన్ పోయి మరో రకం ఎక్కించాల్సి వస్తే, డబ్బుతోపాటు ఆ గుర్తింపూ ప్రమాదంలో పడుతుంది.

గేజ్ బిగించడానికి ఇంజిన్‌లో ఏమీ మార్చనక్కర్లేదు. దీపం స్విచ్ విప్పి, అక్కడ టీ జాయింట్ పెడితే దీపమూ గేజూ రెండూ పనిచేస్తాయి. తొందరపడితే చెడేది మరల దగ్గరే. బ్రిటిష్ 1/8 బీఎస్‌పీ మరలో అంగుళానికి 28 చుట్లు, అమెరికన్ 1/8 ఎన్‌పీటీలో 27. ఒకదాంట్లో ఒకటి కొంత దూరం ఎక్కుతాయి, ఆ తర్వాత బలవంతం చేస్తే బ్లాకులోని మర చెడుతుంది, లేదా ఆయిల్ కారుతుంది.

మెకానికల్ గేజ్‌కు కరెంటు అక్కర్లేదు కానీ, సన్నని గొట్టంలో ఆయిల్ కారు లోపలికే వస్తుంది. రాగి గొట్టమైతే ఒకట్రెండు చుట్లు చుట్టి వదలాలి, లేదంటే అదురుకు పగులుతుంది. ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకు దాటే చోట రబ్బరు గ్రామెట్ తప్పనిసరి. ఎలక్ట్రిక్ రకంలో కారేది ఏదైనా బానెట్ కిందే ఉంటుంది. అయితే సెండర్, గేజ్ ఒకే జతవి కావాలి. చాలా సెండర్లకు ఒంటి ద్వారానే ఎర్త్ అందుతుంది కాబట్టి టెఫ్లాన్ టేపు మందంగా చుడితే రీడింగ్ తప్పొచ్చు. బరువైన సెండర్‌ను టీకే వేలాడదీయకుండా ఫ్లెక్సిబుల్ హోస్‌తో పక్కన బిగించడం మేలు. డ్యాష్‌బోర్డుకు రంధ్రం చేయడం కన్నా దాని కింద చిన్న బ్రాకెట్ నయం.

వేడెక్కిన ఈ తరహా ఇంజిన్‌లో పరుగులో సుమారు 50, ఐడిలింగ్‌లో 15 పీఎస్‌ఐ ఉంటే ఫర్వాలేదు. అంకె కన్నా దాని నడత ముఖ్యం. వారాల తరబడి కొద్దికొద్దిగా దిగుతుంటే ఆయిల్, రిలీఫ్ వాల్వ్, బేరింగులు చూపించుకోవాలి. నడుస్తుండగా ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడితే గేజ్‌ను అనుమానించే పని తర్వాత, ముందు ఇంజిన్ ఆపేయాలి.