చేతికందిన చుక్కలు

మ్యూజియం అంటే చూసేదే అనుకుంటాం. మరి చూపు లేనివాళ్ల సంగతో? వాళ్లూ సైన్సును అందుకోగలరు... వేళ్లతో, చెవులతో! కాస్త మనసుపెట్టి ఏర్పాట్లు చేస్తే చాలు.

'దయచేసి తాకరాదు'... ఏ మ్యూజియంకి వెళ్లినా ముందు పలకరించేది ఈ బోర్డే. చూపున్నవాళ్లకు దానివల్ల పెద్ద నష్టమేం లేదు. అద్దం వెనకున్నా వస్తువు కనిపిస్తుంది. చూపు లేనివాళ్లకు మాత్రం ఆ అద్దం దగ్గరే అన్నీ ఆగిపోతాయి. చల్లటి గాజుపలక తప్ప వేళ్లకు ఇంకేమీ తగలదు.

ఈ ఇబ్బందిని వందేళ్ల క్రితమే గుర్తించారు ఇంగ్లండులోని సండర్లాండ్ మ్యూజియం వాళ్లు. 1913లో అక్కడి క్యూరేటర్ చార్ల్‌టన్ డియాస్ అంధుల బడి పిల్లల్ని పిలిపించి, మ్యూజియంలోని జంతువుల నమూనాలను స్వేచ్ఛగా తడిమి చూడనిచ్చారు. కథల్లో వినడమే తప్ప ఎన్నడూ ఎరగని జంతువుల ఆకారాలు అలా వాళ్ల చేతికందాయి.

మొహమాటం లేని జవాబు

1984లో అమెరికాలోని బోస్టన్ సైన్స్ మ్యూజియం ప్లానెటోరియానికి కొందరు అంధ విద్యార్థులు వచ్చారు. ఆ రోజుల్లో అక్కడ పనిచేస్తున్న విద్యార్థిని నోరీన్ గ్రైస్, ప్రదర్శన అయ్యాక ఎలా ఉందని వాళ్లను అడిగింది. ఏమాత్రం బాగాలేదని మొహమాటం లేకుండా చెప్పేశారు. నిజమే కదా! తలపైన చుక్కలు మెరుస్తుంటే కుర్చీల్లో కూర్చుని మాటలు విన్నారంతే.

నోరీన్ ఆ జవాబును తేలిగ్గా తీసుకోలేదు. అంధుల బడికెళ్లి బ్రెయిలీలో ఉన్న ఖగోళశాస్త్ర పుస్తకాలు చూసింది. అక్షరాలున్నాయి కానీ బొమ్మలు లేవు. దాంతో ఉబ్బెత్తు బొమ్మల తయారీకి తనే పూనుకుంది. అలా వచ్చిన పుస్తకాల్లో ఒకటి 2002 నాటి 'టచ్ ద యూనివర్స్'. హబుల్ టెలిస్కోపు తీసిన ఫొటోలమీదే వేలికి తగిలేలా గీతలు, చుక్కలు అచ్చొత్తారు. వివరాలు బ్రెయిలీలోనూ పెద్ద అక్షరాల్లోనూ ఉంటాయి. చూపున్న అక్కా, చూపులేని తమ్ముడూ ఒకే పుస్తకం పట్టుకుని శనిగ్రహం గురించి మాట్లాడుకోవచ్చన్నమాట!

ఇప్పుడు చుక్కలు చెవికీ అందుతున్నాయి. 2020 నుంచి నాసా 'చంద్ర' అబ్జర్వేటరీ బృందం అంతరిక్ష చిత్రాలను శబ్దాలుగా మారుస్తోంది. పాలపుంత నడిబొడ్డు చిత్రాన్నే తీసుకుంటే... ఎడమ నుంచి కుడికి జరుగుతూ పోతుంటే పైనున్న చుక్క సన్నటి స్వరంలో, కిందనున్నది మంద్రంగా పలుకుతాయి. వెలుగు ఎక్కువుంటే శబ్దమూ పెద్దది!

ఏ గవ్వో చెప్పు!

చూపు లేకుండా సైన్సేమిటి అనేవాళ్లకు గీరట్ వెర్మీ జీవితమే సమాధానం. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఆయనకు మూడేళ్ల వయసులోనే చూపు పోయింది. పరిశోధన కోసం అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్తే అక్కడి ప్రొఫెసర్‌కు సందేహం. మ్యూజియంలోని గవ్వల విభాగానికి తీసుకెళ్లి ఒకటి చేతిలో పెట్టి, ఏమిటో చెప్పమన్నారు. దానిమీది గట్లను వేళ్లతో తడిమి 'హార్పా' అన్నారు వెర్మీ. రెండోదీ సరిగ్గానే చెప్పారు. సీటు వచ్చింది! తర్వాతి రోజుల్లో గవ్వలమీద పీతలు చేసిన గాయాల గుర్తుల్ని తడిమే, జీవపరిణామంపై పేరున్న శాస్త్రవేత్త అయ్యారాయన.

మన దగ్గరా ఇలాంటి పోరాటం జరిగింది. మచిలీపట్నం దగ్గర పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వలేదు. అంధులు బొమ్మలూ గ్రాఫులూ చూడలేరన్నది కారణం. కోర్టుకెళ్లి గెలిచి, ఇంటర్ చదివి, ఆపైన అమెరికాలో ఎంఐటీలో చేరాడతను. చేత్తో తడిమే బొమ్మ ఒకటి ఉందా లేదా అన్నది ఒక్కోసారి ఓ పిల్లాడి చదువునే తేల్చేస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

నిజానికి సైన్స్ మ్యూజియంలో చేత్తో చేసి చూసేవి చాలానే ఉంటాయి. కప్పీలు, అయస్కాంతాలు, ఒకచోట గుసగుసలాడితే దూరంగా వినిపించే పెద్ద డిష్షులు... వీటికి చూపుతో పనిలేదు. చిక్కల్లా టచ్‌స్క్రీన్లతోనే. మీటలుంటే తడిమి నొక్కొచ్చు. నున్నటి తెరమీద వేలికి ఏం దొరుకుతుంది?

మీరు తీసుకెళ్తుంటే...

* ముందే ఫోన్ చేసి ఏవి తాకనిస్తారో కనుక్కోండి. రద్దీలేని రోజు వెళ్తే నిదానంగా చూడొచ్చు.

* చెయ్యి పట్టి లాగొద్దు. మీ మోచేతిని పట్టుకోనివ్వండి, ఒక అడుగు ముందు నడవండి.

* తాకడానికి తొందరపెట్టొద్దు. కన్ను మొత్తాన్నీ ఒకేసారి చూస్తుంది. వేళ్లు ముక్కముక్కగా చూసి కలుపుకోవాలి.

* 'అదిగో', 'ఇలా ఉంది' అంటే లాభం లేదు. కొలత చెప్పండి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పొడవు 44 అడుగులు. ఆ అంకె చెప్పి ఊరుకోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించండి. పెద్దవాళ్ల అంగలు 18 దాకా పడతాయి. ముందుగా చిన్న డైనోసార్ బొమ్మను చేతికిస్తే ఆకారమూ తెలుస్తుంది.

* ఏం చూడాలో మీరే తేల్చేయకండి. వాళ్లను అడగండి. ప్రశ్నలు వాళ్ల దగ్గర బోలెడుంటాయి!