నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

మట్టెవాడలో మా ఇంటి ముందు నిలబడే పాత కారును మేము కొన్నది సోకు కోసం కాదు. పిల్లల నాయనమ్మకు నడుము నొప్పి. నెలకోసారి ఆసుపత్రికి, ఆదివారం ఆరాధనకు, ఊళ్ళో పెండ్లికీ చావుకూ ఆటోలో తీసుకుపోతుంటే ఆ కుదుపులకు ఆమె ఓర్చుకోలేకపోయేది. అందుకే రెండు చేతులు మారిన పెట్రోలు బండిని తక్కువ ధరకు కొన్నాము. అంబాసిడర్, మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయినా, అలాంటి పాత బండ్లు ఇంకా ఎన్నో ఇండ్లలో ఉన్నాయి. మాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఆ ఇండ్లవారికి ముందే తెలియాలని ఇది వ్రాస్తున్నాము.

కొన్న నెలకే రేడియేటరు పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు తగ్గడం గమనించాము. పొద్దున్నే చెంబెడు పోసేవాళ్ళం. మరునాటికి మళ్ళీ తగ్గేవి. “పాత బండి కదా, తాగుతుందిలే” అని నవ్వుకొన్నాము.

మే నెలలో నర్సంపేట దారిలో ఆ నవ్వు పోయింది. వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. వెనుక సీటులో నాయనమ్మ, పైన ఎండ. కంగారులో గుడ్డ పట్టుకొని రేడియేటరు మూత తిప్పబోయాము. ప్రక్కన ట్రాక్టరు ఆపిన మనిషి “ఆగండి సార్, మొఖం కాలుతది!” అని కేక వేశాడు.

ఆ కేక మమ్మును కాపాడింది. మూసి ఉన్న రేడియేటరులో ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి వలననే లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతాయి. ముల్లు పైకి పోతే బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపండి. పూర్తిగా చల్లారేవరకు మూత ముట్టకండి. కాలిన ఇంజనుపై చల్లనీళ్ళు కుమ్మరించకండి, లోహం పగలవచ్చు.

బండిని తాడు కట్టి లాగించి, మరునాడు తెలిసిన మెకానిక్కుకు చూపించాము. ఆయన పానా పట్టలేదు. ముందు, “రోజుకు ఎన్ని నీళ్ళు పోస్తున్నరు?” అని అడిగాడు. మేము చెప్పలేకపోయాము. ఎన్నడూ కొలవలేదు మరి. “పోసుకుంట పోతే రోగం పోదు సార్. యాడికి పోతున్నయో చూడాలె” అన్నాడు.

ఇంజనును కడిగి తుడిచి, గీత వరకు నీళ్ళు నింపి, రాత్రికి క్రింద అట్టలు పరిపించాడు. ముందువైపు తడిస్తే రేడియేటరు, బెల్టువైపు తడిస్తే నీటి పంపు అనుమానించాలట. తెల్లారేసరికి మా అట్టలు పొడిగా ఉన్నాయి! అప్పుడు ఇంజనును వేడెక్కించి, టార్చి వేసి వెదికాడు. క్రింది రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర తెల్లని చార కనబడింది. వేడికి ఒత్తిడి పెరిగినప్పుడే అక్కడ కారుతోంది. కారిన నీళ్ళు వేడి లోహం మీద ఆవిరైపోతున్నాయి. అందుకే నేలమీద మరక పడలేదు.

గొట్టం, క్లిప్పులు మార్చడానికి పెద్ద ఖర్చు కాలేదు. మా భయమంతా లోపలి దెబ్బ గురించే. అతిగా వేడెక్కితే ఇంజను తల వంగి, హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు నీళ్ళు బయటికి గాక లోపలికే పోతాయి. మెకానిక్కు ఆయిల్ పుల్ల తీసి చూశాడు. నీళ్ళు కలిసిన ఆయిల్ పాలు పోసిన చాయలా ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్టు చేయించాడు. అదేపనిగా బుడగలు వస్తే ప్రమాదమే. వేడెక్కిన తరువాత కూడా సైలెన్సరు నుండి దట్టమైన తెల్లపొగ ఆగకపోయినా అంతే. మా బండిలో ఈ గుర్తులేవీ లేవు. “ఇంకింత దూరం నడిపితే ఇంజన్ విప్పాల్సి వచ్చేది” అన్నాడు.

రేడియేటరులో పసుపు వేస్తే కారడం ఆగుతుందని కొందరంటారు. సన్నని చిల్లి కొన్నాళ్ళు మూసుకోవచ్చు గాని, ఆ ముద్దే లోపలి సన్న గొట్టాలకు అడ్డుపడుతుంది. ఉప్పుబోరు నీళ్ళు కూడా లోపల చవుడు పేరుస్తాయి. కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయడం మేలు. ఎంత కలపాలో డబ్బా మీద ఉంటుంది. తల్లులారా, ఒక్కమాట: చాలా కూలెంట్లు తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు అందనీయకండి. నేలమీద ఒలికితే వెంటనే కడగండి.

ఇప్పుడు శనివారం సాయంత్రం, బండి చల్లారిన తరువాత, మా పెద్దబ్బాయి డబ్బా మీద గీత చూసి నోటుపుస్తకంలో వ్రాస్తాడు. నెలల తరబడి గీత కదలలేదు. నీళ్ళు పోసిన చెంబు మళ్ళీ వంటింటికి చేరింది.