స్టీరింగ్ ఆయిల్‌కూ వయసు మీద పడుతుంది

ఇంజిన్ ఆయిల్‌ను ఠంచనుగా మార్పించే వాహనదారులు కూడా తరచూ మరిచిపోయేది పవర్ స్టీరింగ్ ఆయిల్‌. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న కార్లలో సుమారు లీటరు ఉండే ఈ ఆయిల్ బానెట్ కింది వేడిలో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో మాదిరిగా మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరువయ్యే ఊళ్లలో దాని కష్టం మరింత ఎక్కువ.

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఉక్కు పరిశ్రమలో పెద్ద పెద్ద బరువులను కదిలించే హైడ్రాలిక్ యంత్రాలు వారికి కొత్త కాదు. వాటి వెనక ఉన్నది పాస్కల్ సూత్రమే. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుంది. కారు స్టీరింగ్‌లోనూ జరిగేది ఇదే. ఇంజిన్‌తో నడిచే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో పంపుతుంది. ఆ ఆయిల్ పిస్టన్‌ను నెట్టి, చక్రాలు తిప్పే పనిలో చేతికి సాయపడుతుంది. అమెరికా ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1920లలో రూపొందించిన ఈ ఏర్పాటు, 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో మార్కెట్‌లోకి వచ్చింది.

పరిశ్రమల్లో హైడ్రాలిక్ ఆయిల్ నమూనాలను ల్యాబ్‌కు పంపి, ఒక మిల్లీలీటరులో ఎన్ని రేణువులున్నాయో లెక్కిస్తారు. ఇందుకు వాడే ఐఎస్ఓ 4406 ప్రమాణం 4, 6, 14 మైక్రాన్లు, అంతకు మించిన రేణువులను చూస్తుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే, ఆయిల్‌ను పాడుచేసే మురికిలో చాలా భాగం కంటికి కనిపించదు.

ఈ మురికి ఎక్కడిది? పంపు అరుగుదలతో లోహపు పొడి, పాత పైపుల నుంచి రబ్బరు తునకలు ఆయిల్‌లో కలుస్తాయి. దానికి తోడు వేడిలో ఆయిల్ ఆక్సిజన్‌తో చర్య జరుపుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజినీర్లు స్థూలంగా లెక్క వేస్తారు. దాంతో ఆమ్లాలు, జిగట పొరలు ఏర్పడతాయి. ఆయిల్ ముదురు గోధుమ రంగుకు మారడం, మాడు వాసన రావడం, స్టీరింగ్ తిప్పితే పంపు మూలగడం వంటివి దాని లక్షణాలు.

మార్చే ముందు కారు మాన్యువల్ చూడాలి. చాలా కొత్త కార్లలో స్టీరింగ్‌కు విద్యుత్ మోటారు సాయపడుతుంది, వాటిలో ఈ ఆయిలే ఉండదు. ఉన్న కార్లలో మాన్యువల్ చెప్పిన రకమే పోయాలి. రంగు చూసి ఎంచుకోవద్దు. బ్రేక్ ఆయిల్ పొరపాటున కూడా పోయకూడదు. గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్ తగిలితే స్టీరింగ్‌లోని రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఇంట్లో చాలామంది చేసేది సులువైన పద్ధతి. డబ్బాలోని పాత ఆయిల్‌ను సిరంజితో లాగి, కొత్తది పోస్తారు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. మొత్తం లీటరులో డబ్బాలో ఉండేది 300 మిల్లీలీటర్లు అనుకుందాం. ఒకసారి మారిస్తే 70 శాతం పాతదే మిగులుతుంది. కొత్తదీ పాతదీ బాగా కలిశాక మళ్లీ మారిస్తే 49 శాతం, మూడోసారికి 34 శాతం మిగులుతుంది. ఆరుసార్లు మార్చి 1.8 లీటర్లు ఖర్చు చేసినా ఇంకా 12 శాతం పాతదే.

రిటర్న్ పైపు పద్ధతిలో ఇంత కలగలుపు ఉండదు. ఇంజిన్ ఆపి, చల్లారాక, ముందు చక్రాలను జాకీతో ఎత్తి, స్టాండ్లపై నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. రిటర్న్ పైపును డబ్బా నుంచి ఊడదీసి సీసాలో పెట్టి, డబ్బా వైపు రంధ్రాన్ని మూయాలి. కొత్త ఆయిల్ పోస్తూ స్టీరింగ్‌ను నెమ్మదిగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతుంటే పాతది సీసాలోకి వస్తుంది. డబ్బా ఖాళీ కానివ్వకూడదు. ఈ దశలో ఇంజిన్ వేస్తే పంపు క్షణాల్లో ఎండిపోతుంది. పైపు నుంచి శుభ్రమైన ఆయిల్ వచ్చాక దాన్ని తిరిగి బిగించాలి.

చివరి శత్రువు గాలి. ఆయిల్‌ను నొక్కితే పెద్దగా కుంచించుకుపోదు, గాలి బుడగ కుంచించుకుపోతుంది. అందుకే బుడగలున్న స్టీరింగ్ మెత్తగా, చప్పుడు చేస్తూ తిరుగుతుంది. ఇంజిన్ వేయకముందే స్టీరింగ్‌ను మరో పదిహేను ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పితే గాలి బయటకు పోతుంది. ఇంజిన్ వేశాక నురగ లేదని, ఆయిల్ గుర్తు దగ్గరే ఉందని చూసుకోవాలి. స్టీరింగ్‌ను చివరి అంచున కొన్ని క్షణాలకు మించి పట్టి ఉంచకూడదు, ఆయిల్ ఒక్కసారిగా వేడెక్కుతుంది. ఆయిల్ కారుతుంటే మార్చినంత మాత్రాన ఆగదు. సీలునో పైపునో మెకానిక్‌కు చూపించాల్సిందే.

పని ఇంతటితో అయిపోలేదు. సీసాలోని పాత ఆయిల్ ఉంది. భిలాయ్, దుర్గ్ ప్రాంతపు నీరు శివనాథ్ నదికి చేరుతుంది. శివనాథ్ మహానదిలో, మహానది బంగాళాఖాతంలో కలుస్తాయి. వాడేసిన ఆయిల్‌ను కాలువలో పారబోస్తే అది ఈ దారే పడుతుంది. ఒక గ్యాలన్ పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని కలుషితం చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తోంది. మన దేశంలోనూ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలో వాడిన ఆయిల్ ఉంది. దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత 2024 ఏప్రిల్ 1 నుంచి ఉత్పత్తిదారులపైనా పడింది.

కాబట్టి పాత ఆయిల్‌ను పెట్రోలుతోనో, కూలెంట్‌తోనో కలపకుండా మూత ఉన్న డబ్బాలో నింపి, రీసైక్లర్లకు పంపే గ్యారేజీలో ఇవ్వాలి. అది కూడా చేసినప్పుడే ఆయిల్ మార్పిడి పూర్తయినట్టు.